సరిహద్దుమీది తాండూరు



నేటి నా ప్రసంగమునకు విషయము తాండూరు. అది పెద్ద నగరము కాదు. పుణ్యక్షేత్రమని దూరదేశములనుండి యాత్రికులు వచ్చు చోటును కాదు. అయినను మీలో అనేకులు ఆ పేరు ఇంటిలోనే వినియుందురు. వంటయింటి డబ్బాలోని కందిపప్పునకు ఆ ఊరి పేరు. కాలిక్రింది నాపబండకు ఆ ఊరి పేరు. పప్పును, బండను ఎఱిగి ఊరిని ఎఱుగనివారి కొఱకు నాలుగు మాటలు చెప్పదలచితిని. నేను ఆ తాలూకాలోని ఒక పల్లెలో పుట్టినవాడను. నా మాటలలో కొంత పక్షపాతము కనబడినచో మన్నింపుడు.

హైదరాబాదునుండి పడమటికి వాడి జంక్షను వఱకు పోవు రైలుమార్గము 1874వ సంవత్సరములో ఏర్పడినది. నిజాము ప్రభుత్వపు ధనముతో కట్టబడి, వాడియొద్ద అది బొంబాయి మద్రాసు మార్గమును కలిసికొనెను. ఆ రైలులో కూర్చున్నవారికి మొదట వికారాబాదు వచ్చును. పైగా వంశీయుడును, 1893 మొదలు 1901 వఱకు హైదరాబాదు ప్రధానమంత్రిగా ఉండినవాడును, ఫలక్‌నుమా సౌధమును కట్టించినవాడును అగు వికారుల్ ఉమ్రా పేరిట ఆ ఊరు వెలసినది. అచ్చటి అనంతగిరి కొండలును, అనంతపద్మనాభస్వామి ఆలయమును, గాలి మంచిదని క్షయరోగుల కొఱకు కొండపై కట్టిన ఆసుపత్రియు ప్రసిద్ధములు. అక్కడినుండి సుమారు 40 కిలోమీటర్లు పోయినచో తాండూరు. తాండూరు దాటిన కొలది సేపటికి, పొలములలో ఏ మార్పును కనబడకుండగనే, కర్ణాటక రాష్ట్రము వచ్చును. స్టేషను పలకమీది అక్షరములు చూచినగాని సరిహద్దు దాటితిమని తెలియదు.

అనంతగిరిని గూర్చి ఒక్క సంగతి చెప్పి ముందుకు పోయెదను. అచ్చట పుట్టిన మూసీ తూర్పుగా పాఱి, హైదరాబాదు మీదుగా పోయి, వాడపల్లియొద్ద కృష్ణలో కలియుచున్నది. ఆ కొండల సీమనుండియే వచ్చు కాగ్నా నది పడమటికి పాఱి, తాండూరు ప్రక్కగా పోయి, కన్నడదేశములో కాగిణా అనిపించుకొని, మల్ఖేడు మీదుగా వెళ్ళి భీమలో కలియుచున్నది. ఆ భీమ రాయచూరునకు ఎగువను కృష్ణలో చేరును. అనగా ఆ గట్టు మీద పడిన ఒక చినుకు తెలుగుదేశము గుండ పోవును. దాని ప్రక్కను పడిన చినుకు కన్నడదేశము చుట్టివచ్చి వాడపల్లియొద్ద మొదటిదానిని మరల కలిసికొనును. మా సీమలోని కుటుంబములు అనేకము ఇట్టివే. ఆ సంగతి తరువాత చెప్పెదను.

తాండూరు బజారులో కందులు వచ్చు దినములలో, అనగా పుష్యమాసములో, ఒక ప్రొద్దు నిలిచి చూడవలెను. తెలుగు, కన్నడము, ఉర్దూ, లంబాడీ మాటలు ఒకదానిమీద నొకటి పడుచుండును. ఒక్కడే మనుష్యుడు ఒక భాషలో బేరమాడి, రెండవదానిలో లెక్కపెట్టి, మూడవదానిలో కోపపడును. మా రైతు తెచ్చినవి కందులు. సేడము వైపువాడు తెచ్చినది తొగరి. అడ్తిదారుని చిట్టాలో రెండును తువర్. తూకములో మాత్రము భేదముండరాదు. ఊరిలోని భావిగి భద్రేశ్వరుని రథోత్సవమునకు రెండు రాష్ట్రముల జనమును వత్తురు. అచ్చట ఎవరు ఏ రాష్ట్రమువారో అడుగు వాడు లేడు.

ఈ కలయిక నిన్నమొన్నటిది కాదు. సేడము దాటిన పిమ్మట కాగిణా యొడ్డున నున్న మల్ఖేడు రాష్ట్రకూటుల రాజధానియైన మాన్యఖేటము. 9వ శతాబ్దములో అమోఘవర్ష నృపతుంగుడు అచ్చటనుండి ఏలెను. ఆయన ఆస్థానమున వెలువడిన కవిరాజమార్గము కన్నడనాడు కావేరినుండి గోదావరి వఱకు వ్యాపించినదని చెప్పుచున్నది. ఆ లెక్కను మా తాండూరు కన్నడనాటి నడుమ ఉండవలెను. మఱి మనవారో? 12వ శతాబ్దమున కల్యాణమున, అనగా నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమున, వెలసిన బసవేశ్వరుని చరిత్రమును పాల్కురికి సోమనాథుడు తెలుగున బసవపురాణముగా రచించెను. ఆ తెలుగు గ్రంథమును ఆధారముగా గొని భీమకవి 1369లో కన్నడమున బసవపురాణమును వ్రాసెను. కన్నడదేశపు మహాత్ముని కథ తెలుగునకు వచ్చి, తెలుగునుండి మరల కన్నడమునకు పోయినది. ఎవరు ఎవరికి ఋణపడిరో లెక్క తేలదు.

ఇక గీత గీచిన సంగతి. నిజాము రాజ్యములో తాండూరు గుల్బర్గా జిల్లాలోని తాలూకా. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశములో చేరెను. 1953లో నియమింపబడిన రాష్ట్రముల పునర్విభజన సంఘము 1955లో నివేదిక నిచ్చెను. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలైనది. గుల్బర్గా జిల్లా మైసూరు రాష్ట్రమునకు పోయెను. అందులోని కొడంగలు, తాండూరు తాలూకాలు మాత్రము వేఱుచేయబడి ఆంధ్రప్రదేశములో కొడంగలు మహబూబునగరు జిల్లాతోను, తాండూరు హైదరాబాదు జిల్లాతోను కలుపబడెను. ఇట్లే రాయచూరు జిల్లానుండి గద్వాల, ఆలంపురము తాలూకాలును, బీదరు జిల్లానుండి నారాయణఖేడు, జహీరాబాదు ప్రాంతములును ఇటు వచ్చెను. తరువాత 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలోను, 2016లో ఏర్పడిన వికారాబాదు జిల్లాలోను తాండూరు చేరినది. నడుమ 2014లో తెలంగాణము వేఱు రాష్ట్రమైనది. తన ఇల్లు కదలకుండ ఇన్ని చిరునామాలు మార్చిన ముసలివారు మా ఊరిలో నేటికిని కలరు. వారిలో నేనొకడను.

భాషనుబట్టి రాష్ట్రములు ఏర్పఱచుట తప్పని నేను చెప్పుట లేదు. మా నాయన కాలములో ప్రభుత్వపు కాగితములన్నియు ఉర్దూలో నుండెడివి. పట్వారి చదివి చెప్పినదే వేదము. తన భాషలో పాలన జరుగవలెనని కోరుట న్యాయమే. కాని రెండు భాషలు కలిసిన చోట ఎచ్చట గీత గీచినను కొందఱు తప్పు ప్రక్కను మిగులుదురు. మా అక్క అట్లు మిగిలినది.

1953లో అక్కను సేడము వైపు ఒక పల్లెకు ఇచ్చినారు. అప్పుడు నాకు ఏడేండ్లు. రెండిండ్లును ఒక్క గుల్బర్గా జిల్లాలోనివే. ప్రొద్దున బండి కట్టినచో సాయంకాలమునకు చేరెడివారము. మూడేండ్లు గడచుసరికి అక్క వేఱు రాష్ట్రమున ఉన్నది. మొదట మాకు అది నవ్వులాటగా నుండెను. బావ పండుగకు వచ్చినప్పుడు మా అమ్మ, “ఏమయ్యా, పరదేశం నుంచి వచ్చినవా?” అని వేళాకోళమాడెడిది. అక్క పిల్లలు కన్నడ బడిలో చేరిరి. పొలము కాగితములు కన్నడములోనికి మాఱెను. అక్క మాత్రము పెండ్లికి మునుపు నేర్చిన తెలుగు అక్షరములతోనే ఉండిపోయెను.

1974లో బావ కాలము చేసెను. ఆ మఱుసటి యేడు దాయాది యొకడు ఒక కాగితము తెచ్చి, శిస్తు రసీదని చెప్పి వ్రాలు చేయుమనెను. మా అక్క మూర్ఖురాలు కాదు. కూడబలికి చదువ మొదలుపెట్టెను. కన్నడాక్షరములు మన అక్షరములకు తోబుట్టువులు గదా! తన పేరు చదువగలిగెను. బావ పేరు, ఊరి పేరు, బావి యను మాట చదువగలిగెను. ‘బిట్టుకొట్టిద్దేనె’ అను మాటయొద్ద ఆగెనట. అక్షరములన్నియు వచ్చినవి, అర్థము రాలేదు. ఇంత చదివినవారికి తక్కిన ఒక్క మాట ఎంత అని వ్రాలు చేసెను. ఆ మాటకు ‘విడిచి యిచ్చితిని’ అని అర్థము. బావిలోని సగము హక్కు పోయినది. సగము నీటితో ఆమె ఇద్దఱు కొడుకులను పెంచినది.

బొత్తిగా చదువురాని వాడైనచో పదిమందిని అడుగును. సగము చదువగలవాడు అడుగడు. మా సరిహద్దులో ఆపద ఇచ్చటనే యున్నది. తెలుగునకును కన్నడమునకును ఒకప్పుడు లిపి యొక్కటే. వేయేండ్లనాటి శాసనములను రెండు భాషల పండితులును ఒక్క లిపిగనే చదువుదురు. క్రమముగా తలకట్టు రూపము మాఱినది: మనది పైకి లేచిన గీత, వారిది అడ్డముగా పఱచిన గీత. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట ఈ భేదము గట్టిపడినది. అక్షరములు తెలియుటకు నాలుగు దినములు చాలును. వాక్యము తెలియుటకు నాకు ఒక నెల పట్టినది. అక్క కాగితము చూచిన తరువాతనే నేను కన్నడము నేర్చుకొంటిని. ఇరువదేండ్ల ముందు నేర్చుకొనవలసినది.

ఇప్పుడు తాండూరు బ్రతుకుతెఱువును చెప్పెదను. అది నేలలోనే యున్నది. భూమిపై జంతువు అడుగిడక మునుపు, ఈ ప్రదేశము సముద్రపు అడుగున ఉండినప్పుడు, సున్నపు ఒండ్రు పొరపొరగా దిగి గట్టిపడి రాయియైనది. భీమానదీ పరీవాహములో కొంత భాగమున ఈ సున్నపురాతి పొర వ్యాపించియున్నది. తరువాత చాలకాలమునకు, సుమారు ఆఱున్నర కోట్ల సంవత్సరముల క్రిందట, అగ్నిద్రవము పాఱి చల్లాఱి నల్లరాయియైనది. ఆ నల్లరాయి అరిగి మా నల్లరేగడి యైనది. క్రింద బండ, పైన రేగడి. ఊరి భాగ్యమంతయు ఈ రెండు పొరలే.

నాపరాయి పుస్తకపు పుటల వలె ఉండును. పైమట్టి తీసిన పిమ్మట, పొర కలిసిన చోట ఉలి నిలిపి, సమ్మెటతో కొట్టి, గడ్డపారతో ఎత్తినచో పలక పలకగా లేచును. నీలము, బూడిదవన్నె, పసుపు అను రంగులు కలవు. పూర్వము అంతయు చేతిపనియే. రాతి మీద గుప్పిటితో తట్టి, ఆ చప్పుడును బట్టి ఎచ్చట విడునో చెప్పగల పనివారిని నేనెఱుగుదును. ఇప్పుడు గనిలోనే పట్టాలు పఱచి ఱంపపు చక్రముతో నిలువుగా కోసి, తరువాత పలకలెత్తుచున్నారు. బండలు ఊరిచుట్టునున్న కార్ఖానాలలో నున్నబఱుపబడి లారీలలో దేశమంతటికిని పోవును. గీత కావలివైపు, కలబురగి జిల్లాలో, ఇట్టిదే రాయి షాబాదు బండ యను పేరుతో అమ్ముడుపోవుచున్నది. అదే సున్నపురాయిని నమ్ముకొని కరణకోటయొద్ద భారత ప్రభుత్వపు సిమెంటు కార్ఖానాయు వెలసినది.

కాని ఒక్కమాఱు గనియైన పొలము మరల పొలము కాదు. రేగడిని తీసి ప్రక్కను పోసెదరు. వానకు అది కొట్టుకొనిపోవును. పనికిరాని ముక్కలు గుట్టలై దారికి ఇరుప్రక్కల నిలుచును. గుంటలలో నీరు నిలుచును. పలక కోయుచోట లేచు దుమ్ము పనివాని ఊపిరిలోనికి పోవును. మా ఊరి పనివాడొకడు, ముప్పది యేండ్లు సమ్మెట పట్టినవాడు, తన ఎకరము గనికి ఇచ్చిన తరువాత నాతో ఇట్లనెను: “రాయి ఒక్కసారి అన్నం పెట్టింది పంతులూ. కంది ఏటా పెట్టేది.” బదులు చెప్పుటకు నాకు మాట దొరకలేదు. వాని కూతురి పెండ్లి ఆ ఎకరము డబ్బుతోనే జరిగినది. ఆ పెండ్లి భోజనము నేనును తింటిని.

కంది సంగతి మీకు నేను చెప్పనక్కఱలేదు. మృగశిర, ఆర్ద్ర కార్తెలలో విత్తి, పుష్యమాసమునకు కోయుదురు. వేరు లోతునకు పోవును గనుక వానలు వెనుకబడినను రేగడిలోని తేమతో నిలుచును. వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిచ్చును. తరువాతి పైరునకు అది యెరువు. ఎండుతెగులును, కాయతొలుచు పురుగును దానికి శత్రువులు. వాటికి తాళు వంగడముల కొఱకు తాండూరులో వ్యవసాయ పరిశోధన కేంద్రము పని చేయుచున్నది. సున్నపురాయి పైనున్న ఈ రేగడియొక్క బంకమట్టి గుణమువలన మా పప్పునకు రుచియు, వేగముగా ఉడుకు గుణమును వచ్చినవని చెప్పుదురు. అందు మాంసకృత్తులు నూటికి 22 నుండి 24 పాళ్ళు.

సరకునకు ఊరి పేరే గౌరవము తెచ్చినప్పుడు, ఆ పేరును ఇతరులు వాడుకొనకుండ కాపాడుటకు మన దేశములో 1999లో ఒక చట్టము చేయబడినది. 2003 నుండి అమలులోనికి వచ్చినది. భౌగోళిక గుర్తింపు అని దానిని పిలుతురు. ఆ ముద్ర పొందిన మొదటి సరకు డార్జిలింగు తేయాకు. 2019లో గుల్బర్గా తొగరిబేళ, అనగా కందిపప్పు, ఆ ముద్రను పొందెను. 2022లో తాండూరు కందికి వేఱుగా ముద్ర లభించినది. మాకు సంతోషమే. అయినను ఒకే రేగడిలో, ఒకే వానకు, గట్టునకు అటునొకటి ఇటునొకటి మొలచిన రెండు మొక్కలు రెండు ముద్రలు పొందుట చూచి మా పెద్దలు కొంచెము నవ్వుకొనిరి. 1956నకు ముందైనచో రెండింటికిని గుల్బర్గా అను ఒక్క పేరే యుండెడిది.

ఊరి పేరుతో సరకు నమ్ము పద్ధతి ఐరోపాలో ద్రాక్షాసవముతో బలపడినది. అచ్చట మా తాండూరునకు సమానమగు ఒక చిన్న ఊరు కలదని పుస్తకములలో చదివితిని. దాని పేరు సలోర్నో; జర్మనులు సలూర్న్ అందురు. ఇటలీదేశపు ఉత్తరభాగమున, ఆల్ప్స్ పర్వతముల నడుమ ఆదిజే నది పాఱు లోయలో అది యున్నది. కొండవాలు లన్నియు ద్రాక్షతోటలు. అక్కడికి సమీపమున నున్న త్రామిన్ అను పల్లె ఒక ద్రాక్షజాతికే తన పేరిచ్చినది. సలోర్నోయొద్ద లోయ ఇఱుకగును. దానికి ఉత్తరమున జర్మను మాటాడువారు ఎక్కువ, దక్షిణమున ఇటాలియను. ఊరిలో ఎక్కువమంది ఇటాలియను మాటాడువారే యైనను, ఊరు జర్మను వారు ఎక్కువగా నున్న బొల్జానో జిల్లాలో చివరిది.

ఆ సీమ మొదటి ప్రపంచయుద్ధము వఱకు ఆస్ట్రియా చక్రవర్తిది. 1919 సంధితో ఇటలీకి వచ్చెను. తరువాత ముస్సోలినీ ప్రభుత్వము జర్మను బడులను మూయించి, ఊళ్ళ పేర్లు సైతము మార్చెను. రహస్యముగా ఇండ్లలో పిల్లలకు జర్మను చెప్పిన ఉపాధ్యాయులు శిక్షలు పొందిరి. 1946లో ఆస్ట్రియా, ఇటలీల మధ్య ఒప్పందము జరిగి, రెండు భాషలకును సమానహక్కు ఒప్పుకొనబడెను. 1948లో సలోర్నో, దాని చుట్టుపట్ల పల్లెలు త్రెంతో జిల్లానుండి బొల్జానో జిల్లాకు మార్చబడెను. చూచితిరా, మా గుల్బర్గా హైదరాబాదు కథయే! ఇటాలియను బడికి పోవు పిల్లవాడు జర్మనును, జర్మను బడికి పోవువాడు ఇటాలియనును తప్పక రెండవ భాషగా నేర్చుకొనవలెను. ఆ జిల్లాలో ప్రభుత్వోద్యోగము కోరువాడు రెండు భాషలలోను పరీక్ష నీయవలెను. ప్రజలకు వచ్చు ప్రభుత్వపు కాగితము వారు కోరిన భాషలో రావలెను.

ఇది చదివినప్పుడు నాకు మా అక్క వ్రాలు చేసిన కాగితము జ్ఞాపకము వచ్చినది. ఐరోపావారు మనకంటె మంచివారని కాదు. అంత రక్తపాతము తరువాత నేర్చుకొనిరి. మనకు రక్తపాతము లేదు, పగ లేదు. అందుచేతనే కాబోలు, ఈ సంగతి ఎవరికిని తొందరగా తోచలేదు. నా చిన్నతనమున తాండూరు బజారులో కన్నడము రాని వర్తకుడు లేడు. నేడు పిల్లలు ఇంగ్లీషు నేర్చుచున్నారు, మంచిదే. ప్రక్కయూరి అక్షరములు మాత్రము వారికి బొమ్మలుగా కనబడుచున్నవి. అటు సేడములోను తెలుగు సంగతి ఇంతే. మాటలాడుట ఇంకను మిగిలియున్నది, చదువుట పోయినది. బజారులో మాట చాలును. కచేరీలో చాలదు.

మా అక్కకు 85 ఏండ్లు దాటినవి. మొన్న ఫోను చేసినది. నాతో తెలుగులో మాటాడుచు, నడుమ మనుమరాలిని కన్నడములో కేకలు వేయుచు, కంది బాగుగా కాచినదని చెప్పెను. మునిమనుమనికి మాఘమాసములో పెండ్లియట. పిల్ల తాండూరుది. పెండ్లిపత్రికలు అచ్చువేయింతురట, ఒక ప్రక్క కన్నడము, ఒక ప్రక్క తెలుగు. కన్నడపు ప్రక్క వారి పిల్లలు చూచికొందురట. తెలుగు ప్రక్కను తప్పులు దిద్దుటకు, సంక్రాంతి వెళ్ళిన మఱునాడే బయలుదేఱి రమ్మని నాకు ఆజ్ఞ.